మడత పడకుండా బాపట్ల నుంచి రేపల్లెకు ఒక రాజసభ

ఫిబ్రవరి 7, శనివారం. పొద్దున్న ఆరున్నరకు తెనాలిలో మా వీధి మలుపులో హారన్ మోగితే పరుగున బయటికి వచ్చాను. నేను మాట్లాడుకున్న పెద్ద వ్యాను రాలేదు. దాని బదులు ఓ చిన్న ట్రాలీ బండి నిలబడి ఉంది. వెనక తలుపు కిందికి దించి ఉంది, అక్కడి నుంచి పసుపు రంగు వేసిన ఇనుప చట్రం ఒకటి నాలుగడుగుల మేర బయటికి పొడుచుకొచ్చింది. డ్రైవరు కోటయ్య బాబాయిది నందివెలుగు. మా ఇంటికి ఇసుకైనా ఇటుకైనా తోలేది ఆయనే. తలపాగా సర్దుకుంటూ కిందికి దిగాడు.

"పెద్దబండి క్లచ్చు పోయిందమ్మాయ్. దీన్నేసుకొచ్చా."

"బాబాయ్, మన సరుకు పదహారు అడుగులు. ఈ బండి ఎంత?"

"తొమ్మిది."

"మరి మిగతాది?"

"తోక చూసుకుంటదిలే," అన్నాడు ఆ ఇనుప చట్రాన్ని అరచేత్తో చరుస్తూ.

మాది తెనాలిలో చిన్న నాటక సమాజం. నేను డిగ్రీ రెండో సంవత్సరం చదువుతూ అందులో ప్రాంప్టర్‌గా ఉన్నాను. నటులు మాట మరిచిపోతే తెర పక్క నుంచి అందించడం నా పని. పద్యాలు నోటికి వస్తున్నకొద్దీ తెలుగు మాటల మీద ఎక్కడలేని ఇష్టం పుట్టుకొచ్చింది. రేపల్లె నాటక పోటీల్లో ఈ రాత్రి మా వంతు. నటులంతా మధ్యాహ్నం రేపల్లె రైలెక్కుతారు. రైల్లో రానిది ఒక్కటే, మా కొత్త రాజసభ తెర. దాన్ని బాపట్లలో మా రాజ్యలక్ష్మి పెద్దమ్మ వేసింది. ఆవిడ డ్రాయింగు టీచరుగా రిటైరయింది. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ స్కూలు వార్షికోత్సవాలకు అట్టల మీద కొండలూ సూర్యుళ్ళూ వేసింది కానీ, నిజమైన నాటకానికి నిలువెత్తు తెర వేయడం ఇదే మొదటిసారి. పొడి రంగుల్లో జిగురు కలిపి వేసిన తెర అది. మడిస్తే మడత పొడుగునా రంగు పెంకులుగా రాలిపోతుంది. అందుకని కర్రకు చుట్టి, చుట్టినట్టే మోసుకెళ్ళాలి. మా సమాజం పెద్ద వీరభద్రం మాస్టారు మాత్రం నిన్న రిహార్సల్లో, "ఆవిడ కష్టపడింది, కాదనను. కానీ దారిలో ఏమన్నా అయితే? తెర బదులు కట్టడానికి నల్లగుడ్డ ఒకటి సంచిలో పెట్టుకొస్తాం" అన్నారు. ఆ మాట పెద్దమ్మ చెవిన పడింది. అప్పటి నుంచి ఆవిడ అన్నం సరిగ్గా తినలేదని పెదనాన్న ఫోనులో చెప్పాడు. తెర చెక్కుచెదరకుండా రేపల్లె చేర్చే బాధ్యత నేను అడిగి తీసుకున్నాను.

పొన్నూరు మీదుగా బాపట్లకు గంటన్నర పట్టింది. ఖాళీ బండి కాబట్టి కుదుపులు ఎక్కువే. ఈ రోజుకు బండి అద్దె డీజిలుతో కలిపి మూడున్నర వేలు. దారి పొడుగునా నేను ఆ తోక గురించి అడుగుతూనే ఉన్నాను, బాబాయి విసుక్కోకుండా చెబుతూనే ఉన్నాడు. ఎవరో విదేశంలో బండికి ఇలాంటిది తగిలించుకున్న వీడియో ఫోనులో చూసి, తెనాలిలో వెల్డింగు షాపు వాళ్ళతో చేయించాడట. బండి అడుగున చాసిస్‌కు బిగించిన చదరపు గొట్టం ఒకటి ఉంటుంది. దానిలోకి తోక గొట్టం దూరి, అడ్డంగా ఒక మేకు పడుతుంది. తోక చివర బండి వెడల్పున అడ్డబద్దె, ఆ బద్దెకు రెండు వైపులా జానెడు ఎత్తున కొమ్ములు. పొడుగాటి సరుకు బద్దె మీద ఆనుతుంది, కొమ్ములు దాన్ని పక్కలకు దొర్లనివ్వవు.

"అంటే ఎంత పొడుగైనా వేసుకోవచ్చా బాబాయ్?"

"అట్టా అనుకునేవాళ్ళే కాలవలో పడేది. తోక మొయ్యదమ్మాయ్, ఆనిస్తది అంతే. మోసేది బండి. బరువంతా తెచ్చి తోక మీద పెట్టావనుకో, తోకా వంగుద్ది, సరుకూ జారుద్ది."

మోయడం వేరు, ఆనించడం వేరు. ఇన్నాళ్ళూ రెండిటినీ ఒకే మాటలా వాడాను. మరో సంగతి కూడా ఆయనే చెప్పాడు. ఇలా బయటికి వచ్చే సరుకు గురించి, తోక చేయించినప్పుడే రవాణా ఆఫీసులో అడిగి, వాళ్ళు ఒప్పుకున్నాకే వాడుతున్నాడట. వెనక దీపాలూ నంబరు పలకా మూసుకుపోకూడదు, చివర ఎర్రగుడ్డ రెపరెపలాడాలి, పొద్దు గుంకేలోపు సరుకు దిగిపోవాలి.

బాపట్లలో రైల్వే స్టేషనుకు కొంచెం ఇవతల, మూతపడిన రైసుమిల్లు గోడౌనులో పెద్దమ్మ తెర వేసింది. అంత పొడవు గోడ ఊళ్ళో ఇంకెక్కడా దొరకలేదట. మేం వెళ్ళేసరికి తెర చుట్టి సిద్ధంగా ఉంది. చుట్టిన కర్ర సరుగుడుది. సముద్రం పక్క తోటల్లోంచి వంకర లేనిది ఏరి తెచ్చింది. చుట్ట మీద పాత దుప్పట్లు, వాటి మీద ప్లాస్టిక్ పట్టా. కుడి కొనకు పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి ఉన్నాయి.

"ఇదేంటి పెద్దమ్మా, పెళ్ళికూతురిలా?" అన్నాను.

"కొత్త కోడలు కుడికాలు ముందు పెట్టి గడప దాటదూ? కొత్త తెర కూడా అంతే. కుడి కొన ముందు స్టేజీ ఎక్కాలి. మా తాతగారి కాలం నుంచీ ఇదే పద్ధతి. బండిలో కూడా ఈ పసుపు కొనే ముందు ఉండాలి, చెబుతున్నా."

కోటయ్య బాబాయి కర్ర రెండు కొనలూ పట్టి ఎత్తి చూసి, తల గోక్కున్నాడు. "అమ్మగారూ, మీరు పసుపు రాసింది కొస అండి. సన్నంగా ఉంది. ఆ ఎడమది మొదలు, లావుగా ఉంది, బరువంతా అక్కడుంది. మొదలు ముందుంటే మంచిదండి."

"ఎడమ కొన ముందా? నా మొదటి తెరకా? నువ్వు బండి తోలు నాయనా, పద్ధతి నేను చూసుకుంటా."

చెట్టుకు మొదలూ కొసా ఉంటాయని తెలుసు కానీ, కొట్టి చెక్కిన కర్రకు కూడా అవే మాటలు అంటిపెట్టుకుని ఉంటాయని అప్పుడే తెలిసింది. పెద్దమ్మ మాటే నెగ్గింది. పెదనాన్న కూడా ఓ చెయ్యి వేస్తే, నలుగురం కలిసి పసుపు కొనను క్యాబిన్ వైపు తోసి, లావుపాటి మొదలును తోక బద్దె మీద ఆనించాం. బద్దెకు సైకిలు ట్యూబు చుట్టాం. మూడు చోట్ల తాళ్ళు వేసి, తోక దాటి బయటికి వచ్చిన మూడడుగుల చివరన ఎర్రగుడ్డ కట్టాం. క్యాబిన్‌లో బాబాయి, మధ్యలో నేను, కిటికీ పక్కన పెద్దమ్మ. ఇదంతా తేలి కదిలేసరికి పదిన్నర.

బాపట్ల దాటి రేపల్లె వైపు హైవే ఎక్కగానే రోడ్డుకు రెండు పక్కలా మినుము చేలు మొదలయ్యాయి. మొదటి స్పీడ్ బ్రేకర్ దగ్గరే వెనక దబ్బున చప్పుడైంది. అద్దంలోంచి చూశాను. మొదలు బరువుకు వెనక కిందికి దిగుతోంది, ముందున్న పసుపు కొస ఏతంలా పైకి లేస్తోంది. లేచినప్పుడల్లా ముందు తాడు పట్టాను ఒరుసుకుంటోంది. రెండో స్పీడ్ బ్రేకర్ దాటేసరికి పట్టా కోసుకుపోయి కింది దుప్పటి కనిపించింది. దుప్పటి కింద తెర. ఇంకో నాలుగు కుదుపులు తగిలితే రాజసభ గోడకు బీట పడేటట్టుంది.

కర్లపాలెం దగ్గర రోడ్డు పక్క పెసరట్ల పాక కనిపిస్తే బాబాయి బండి ఆపేశాడు. పాక నడిపే ఆవిడ, దారిన పోయేవాళ్ళంతా పిన్ని అని పిలిచే మనిషి, గరిటె చేత్తో పట్టుకునే బయటికి వచ్చింది.

"ఏంటన్నా, నీ బండికి తోక మొలిచిందే!"

"మొలిచింది గానీ, ఆ తోక పట్టుకుని లాగుతున్నారక్కా మా అమ్మగారు," అన్నాడు బాబాయి.

పెద్దమ్మకు కోపం వచ్చింది. దిగి వెళ్ళి కోసుకుపోయిన పట్టాను తడిమి చూసింది. బాబాయి ఈసారి పరాచికాలు మానేసి మెల్లగా చెప్పాడు. "అమ్మగారూ, తిప్పి వెయ్యకపోతే నేను తోలనండి. రేపల్లె చేరేసరికి మీ తెర జల్లెడైపోద్ది. మీ సొమ్మూ నా పేరూ రెండూ పోతాయండి."

"తిప్పితే ఎడమ కొన ముందు వెళ్తుందయ్యా! మొట్టమొదటి తెర ఎడమకాలు పెట్టిందని రేపు ఏదన్నా జరిగితే ఆ మాస్టారే అంటాడు. వాళ్ళు ఆ నల్లగుడ్డ సంచిలో పెట్టుకునే వస్తున్నారు, తెలుసా నీకు? స్టేజీ దగ్గర బండి ఆపగానే ముందు బయటికి వచ్చేది..."

అక్కడ ఆగిపోయింది. బండి వైపు చూసింది. వెనక తలుపు వైపు చూసింది. కుడి చెయ్యి గాల్లో ముందుకూ వెనక్కూ ఆడించింది, ఏదో బొమ్మ గీస్తున్నట్టు.

"ముందు బయటికి వచ్చేది వెనక కొన కదూ?" అంది మెల్లగా.

"అవునండి," అన్నాడు బాబాయి.

"వెనక కొన కుడిదైతే స్టేజీ ముందెక్కేది కుడిదే!" నేను అరిచినంత పని చేశాను.

"ఇంతసేపటి నుంచీ నోట్లో ఏం పెట్టుకున్నావయ్యా?" అని బాబాయి మీద విరుచుకుపడింది పెద్దమ్మ. "ఈ మాట గోడౌన్లోనే చెప్పకూడదూ?"

"నాకు మాత్రం ఇప్పుడేగా తెలిసింది, మీరు చెబితేనే!"

పిన్ని పకపకా నవ్వింది. "ముందు తినండి. ఖాళీ కడుపుతో పదహారడుగుల కర్ర తిప్పితే మీరే తిరిగిపోతారు."

పెసరట్టు నలభై రూపాయలు, పైన అల్లం పచ్చడి. ఈ దారిలో వెళ్ళేవాళ్ళు ఇక్కడ తప్పకుండా ఆగండి. నిన్నటి నుంచీ అన్నం సహించని పెద్దమ్మ రెండు తింది. తర్వాత పాక ముందు ఖాళీ స్థలంలోకి బండి తిప్పి, రెండు బల్లలు దూరందూరంగా వేసి, తెరను వాటి మీదికి దింపాం. నేల తగలనివ్వలేదు. పిన్ని కూడా కొంగు బిగించి ఓ చెయ్యి వేసింది. ముందు బాబాయి క్యాబిన్ వెనక ఇనుప పలకకు గోనెసంచులు మడిచి ఆనించాడు. వాటికి లావుపాటి మొదలు తగిలేలా తోశాం. ఈసారి బరువు సగానికి పైగా బండి లోపలే పడింది, తోక బద్దె మీద సన్నపాటి కొస మాత్రమే ఆనింది. పైన బాబాయి సీటు కింది నుంచి తీసిన కొత్త పట్టా చుట్టి, తాళ్ళు తగిలే చోటల్లా పిన్ని ఇచ్చిన పాత చీర మడతలు పెట్టి, తాళ్ళను గుండ్రంగా చుట్టకుండా కిందికి లాగి బండి కొక్కేలకు కట్టాం. ఎంత లాగినా చుట్ట నొక్కుకుపోకూడదు. వేలు దూరేంత సందు ఉండాలి కానీ పిడికిలి దూరకూడదు, అదీ బాబాయి లెక్క. చివర పసుపు కొన పక్కనే ఎర్రగుడ్డ.

"ఇప్పుడు నిజంగానే పెళ్ళికూతురే," అంది పిన్ని. "తెర మీద ఎవరున్నారమ్మా?"

"ఎవరూ లేరు. సభ ఒక్కటే. మనుషులు రాత్రికి వస్తారు," అంది పెద్దమ్మ. అంత గర్వంగా ఆవిడ మాట్లాడగా నేను ఎప్పుడూ వినలేదు.

మళ్ళీ కదిలేసరికి పన్నెండు. మొదటి స్పీడ్ బ్రేకర్ రాగానే నేనూ పెద్దమ్మా వెనక్కి తిరిగి చూశాం. బండి ఎగిరి దిగింది. వెనక చప్పుడు లేదు. తెర తొట్టెలో పిల్లలా బండితో పాటే లేచి, బండితో పాటే దిగింది. బాబాయి మీసం దువ్వుకున్నాడు. కాస్త దూరం వెళ్ళాక మళ్ళీ ఆపి తాళ్ళు చూశాం. ఒక ముడి వదులైంది, బిగించాం. బాబాయి నలభై దాటి తోలలేదు. వెనక లారీలు హారన్లు కొడుతుంటే, "వెళ్ళండి నాయనా, మీకు పెళ్ళికూతురు లేదుగా" అనుకుంటూ దారి ఇచ్చాడు.

చెరుకుపల్లి సెంటరులో మలుపు తిరగడమే కష్టమైంది. బండి ముక్కు ఎడమకు తిరిగితే తోక చివర కుడికి విసురుగా వెళ్తుందని, అటు ఉన్నవాళ్ళు దాన్ని ఊహించరని బాబాయి హెచ్చరించాడు. నేను దిగి వెనక నిలబడి, రెండు చేతులూ చాపి మోటారు సైకిళ్ళను ఆపాను. అరటి గెలలు వేసుకెళ్తున్న ఒకాయన, "ఏంటమ్మా, రైలు పట్టాలా?" అని అడిగాడు. "రాజసభండి!" అన్నాను. ఆయన ఏం అర్థం చేసుకున్నాడో కానీ దారి మాత్రం ఇచ్చాడు.

రెండు దాటాక రేపల్లెలో పోటీలు జరిగే ఆవరణ చేరాం. మా వాళ్ళు అప్పటికే రైలు దిగి వచ్చారు. వీరభద్రం మాస్టారు గేటు దగ్గరే ఎదురై, పట్టా వైపు అనుమానంగా చూశారు. "ఎంత పాడైంది?" అని అడిగారు. ఎలా ఉంది అని కాదు, ఎంత పాడైంది అని! పెద్దమ్మ ఆయన్ని దాటుకుని లోపలికి నడిచింది. "బండి వెనక్కి తిప్పించండి, స్టేజీ మెట్ల దాకా రావాలి" అంది, అంతే.

నేను తోక పక్కన నడుస్తూ "రానీ, రానీ" అంటుంటే బాబాయి వెనక్కి తెచ్చాడు. తాళ్ళు విప్పారు. పసుపు కొన అందరికంటే ముందు బయటికి జారి, మెట్ల మీదుగా స్టేజీ ఎక్కింది. దాని వెనకే మిగతా కర్ర, దాని వెనకే కొంగు భుజాన చుట్టుకుని పెద్దమ్మ. నటులు కప్పీల తాళ్ళు కట్టి తెరను పైకి లాగారు. పెద్దమ్మ మాత్రం తెర వైపు వీపు పెట్టి, ఖాళీ కుర్చీల వైపు చూస్తూ నిలబడింది.

"నువ్వు చూసి చెప్పవే. నాకు ధైర్యం చాలట్లేదు."

చుట్ట విచ్చుకుంటూ తెర పై నుంచి మెల్లగా కిందికి దిగింది. ముందు ఎర్రని పైకప్పు, దాని కింద వరసలు తీరిన స్తంభాలు, లోపలికి వెళ్ళేకొద్దీ సన్నబడుతూ, ఎక్కడో దూరాన ఒక వెలుతురు గుమ్మం. ఒక్క మడత పడినా ఏదో ఒక స్తంభం విరిగినట్టు కనిపించాలి. పై నుంచి కింద దాకా, ఆ చివరి నుంచి ఈ చివరి దాకా వెతికాను. ఒక్కటీ విరగలేదు.

"నిలబడ్డాయి పెద్దమ్మా. అన్నీ నిలబడ్డాయి."

ఆవిడ తిరిగింది. తెర వైపు చూడలేదు. వంగి, తెర అంచు కింద స్టేజీ నేల మీద అరచెయ్యి ఆ చివరి నుంచి ఈ చివరి దాకా రాసింది. రంగు రాలి ఉంటే అరచేతికి అంటాలి. చెయ్యి పైకెత్తి మాస్టారికి చూపించింది. దుమ్ము తప్ప ఏమీ లేదు. మాస్టారు ఆ చేతినీ తెరనూ మార్చి మార్చి చూసి, "అమ్మా, మీరు వెళ్ళి ఆఖరి వరసలో కూర్చోండి, మా వాడు ఓ పద్యం అందుకుంటాడు" అన్నారు. మా రాజు వేషధారి మేకప్ లేకుండానే, లుంగీ మీదే, ఆ స్తంభాల ముందు నిలబడి గొంతెత్తాడు. ఆవరణలో కుర్చీలు సర్దుతున్నవాళ్ళు పని ఆపేశారు. లుంగీలో ఉన్న మనిషి రాజయ్యాడు! పక్క సమాజం వాళ్ళొకరు పెద్దమ్మ దగ్గరికి వెళ్ళి, తమకు ఉద్యానవనం తెర వేసి పెడతారా అని అడిగారు. "రాత్రి దీపాల వెలుగులో కూడా చూసి, అప్పుడు అడగండి" అంది ఆవిడ. కానీ ముఖం వెలిగిపోతోంది. అప్పటికి ఇంకా పొద్దు గుంకలేదు.

ఇప్పుడు గ్రీన్ రూములో ఒక పెట్టె మీద కూర్చుని ఇది రాస్తున్నాను. మా నాటకానికి ఇంకా సమయం ఉంది. ఎనభై కిలోమీటర్లకు పైగా తిరిగినా, కొత్తగా చూసిన ఊరు ఒక్కటీ లేదు. అయినా ఇంత పెద్ద ప్రయాణం నేను ఎప్పుడూ చేయలేదనిపిస్తోంది. పొడుగాటి వస్తువును తీసుకెళ్ళేటప్పుడు దాని పొడవు గురించే భయపడతాం. అసలు అడగాల్సింది దాని బరువు ఎక్కడుందని, ఏది మోస్తుందని, ఏది ఆనిస్తుందని. పెద్దమ్మ తన పద్ధతిని వదులుకోలేదు, బాబాయి తన జాగ్రత్తను వదులుకోలేదు. ఇద్దరూ ఒక పెసరట్ల పాక ముందు నిలబడి దెబ్బలాడుకోబట్టే తెర క్షేమంగా చేరింది. నాకు ఆ దెబ్బలాట ఎంతో నచ్చింది.

మీరు కూడా పైపులో, వెదుళ్ళో, నిచ్చెనో ఇలా తోక తగిలించిన బండిలో తీసుకెళ్ళాలనుకుంటే ఒక్క సలహా. లావుపాటి మొదలును క్యాబిన్ వైపు ఆనించి కట్టండి, బయల్దేరిన ఐదు కిలోమీటర్లకే ఒకసారి ఆగి ప్రతి ముడినీ చేత్తో పట్టి చూడండి. తాళ్ళు వదులయ్యేది ఎక్కువగా ఆ మొదటి కుదుపుల్లోనే.

రేపు పొద్దున్న ఆరింటికి తెర చుట్టి, ఎండెక్కకముందే బాపట్ల గోడౌనులో దింపాలి. ఆ తర్వాత ఖాళీ బండిలోనే స్టూవర్టుపురం మీదుగా చీరాల వెళ్ళి, పెద్దమ్మ ఉద్యానవనానికి సరిపడా గుడ్డ కొంటుందట. నన్నూ రమ్మంది, పువ్వుల పేర్లు రాసుకోవడానికి.